గ్రైండర్ కొనే ముందు: చిత్తూరులో ప్లాస్టిక్ యూనిట్ పెట్టాలనుకుంటున్న తమ్ముడికి

తమ్ముడూ, చదివే మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి నీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెబుతాను. డిప్లొమా అయిపోయింది. చిత్తూరు పక్క ఊళ్ళో మీ నాన్నగారి షెడ్డు ఒకటి ఖాళీగా ఉంది. తిరుపతి హోటళ్ళు, సత్రాలు, కళ్యాణ మండపాల నుంచి ప్లాస్టిక్ తెచ్చి, గ్రైండర్‌లో వేసి, గింజ (కరిగించి తీసే ప్లాస్టిక్ గుళికలు) తీసి అమ్మాలని నీ ఆలోచన. ఎవరో పాత గ్రైండరూ, ముక్కల్ని కరిగించి గింజ తీసే ఎక్స్‌ట్రూడరూ కలిపి ఇస్తానని అడ్వాన్సు అడుగుతున్నారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పోయి సర్క్యులర్ ఎకానమీ, అంటే వాడిన వస్తువే మళ్ళీ మళ్ళీ వాడుకలో తిరిగే పద్ధతి, వస్తుందని అందరూ అంటున్నారు కదా, ఈ మిషన్లు పెడితే నేనూ అందులో ఉన్నట్టేనా, నిలబడతానా అని అడిగావు.

నేను ఇరవై రెండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. మొదట రేణిగుంట వైపు పెట్ బాటిళ్ళ (నీళ్ళ బాటిళ్ళు చేసే ప్లాస్టిక్ పేరు పెట్) వాషింగ్ లైన్, తర్వాత పాలకవర్ల గింజ. రెండుసార్లు చెయ్యి కాలింది, ఒకసారి నిలదొక్కుకున్నాను. అందుకని నిన్ను నిరుత్సాహపరచను, ఊరికే ఊదరగొట్టను కూడా.

నేను నేర్చుకున్నది ఒక్కటే. ప్లాస్టిక్ మళ్ళీ వాడుకలోకి రావడమనేది మిషన్ దగ్గర తేలే విషయం కాదు. వాడినవాడి చేతిలోంచి ఆ వస్తువు ఏ స్థితిలో, ఎంత విలువతో బయటపడింది అన్న దగ్గరే తేలిపోతుంది. మిషన్ దగ్గరికి వచ్చేసరికి సగం కథ అయిపోయి ఉంటుంది. కొత్తగా వచ్చేవాళ్ళందరూ గ్రైండర్ హార్స్‌పవర్ ఎంత అని అడుగుతారు. సరుకు ఎక్కడిది, ఎవరు వేరుచేస్తారు, ఎంత తడి, ఎంత మట్టి అని అడిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

ఒక చిన్న లెక్క చూడు. లీటరు నీళ్ళ బాటిల్ ఖాళీది ఇరవై గ్రాములు, కాస్త అటూ ఇటూ. నలభై యాభై ఏరితే కిలో. అర లీటరు పాలకవర్ రెండున్నర, మూడు గ్రాములు. మూడు వందల యాభై, నాలుగు వందలు చేరితే కిలో. షాంపూ పాకెట్ ఒక గ్రాముకు కూడా రాదు. కిలో కావాలంటే వెయ్యికి పైగా ఏరాలి, ఏరాక కొనేవాడు లేడు. ఇప్పుడు పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని లీలామహల్ సర్కిల్ నుంచి బస్టాండు దాకా ఏరుకుంటూ పోయే మనిషి స్థానంలో నిలబడు. ఒక్కోసారి నడుం వంచితే ఎంత గిట్టుతుందో ఆ మనిషికి మనకంటే బాగా తెలుసు. బాటిల్ కోసం వంగుతాడు, పాకెట్ కోసం వంగడు. పాకెట్ కాలవలోకి పోతుంది, అక్కణ్ణించి స్వర్ణముఖిలోకి. ఇందులో ఎవరికీ బుద్ధి లేక జరుగుతున్నది ఏమీ లేదు, తూకం అట్లా ఉంది.

కవర్ల మందం పెంచాలని ప్రభుత్వం పట్టుబట్టిందీ ఇందుకే. 2021 సెప్టెంబర్ 30 నుంచి 75 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లు. మందంగా ఉంటే అంగడాయన ఊరికే ఇవ్వడు, తీసుకున్నవాడు ఒక్కసారికే పారేయడు, పారేసినా ఏరేవాడికి బరువు ఉంటుంది. ఆలోచన మంచిదే. కానీ కూరగాయల బండి మీద వేలాడే పలచటి కవర్లు చూస్తే ఆ రూలు ఎక్కడ ఆగిపోయిందో నీకే తెలుస్తుంది. 2022 జూలై 1 నుంచి ఆపేసిన వస్తువుల జాబితా కూడా ఇట్లాంటిదే: ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, ఇయర్ బడ్స్ పుల్లలు, అలంకరణ థర్మోకోల్, స్వీటు డబ్బాల మీద చుట్టే పలచటి పొర, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు. గమనించావా, వీటిలో చాలా వరకు మనలాంటివాళ్ళం కొనం. బరువు తక్కువ, మురికి ఎక్కువ, ఏరినా గిట్టదు. మళ్ళీ వాడుకలోకి రానిదాన్ని మొదటే ఆపేయడం తప్ప దారి లేదు కాబట్టి ఆ జాబితా వచ్చింది.

ఇక వేరుచేయడం. మా షెడ్డులో పుత్తూరు వైపు నుంచి వచ్చే పెద్దామె ఒకామె ఉండేది. అక్షరం రాదు. కవర్ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర నలిపేది. గలగల అంటే హెచ్‌ఎం కుప్పలోకి, మెత్తగా గుడ్డలాగ నలిగితే ఎల్‌డీ కుప్పలోకి, గరగరమని మెరిస్తే పీపీలోకి. హెచ్‌ఎం, ఎల్‌డీ అంటే పాలిథిన్‌లోనే రెండు రకాలు, పీపీ వేరే ప్లాస్టిక్. బిస్కెట్ పాకెట్ అయితే చించి చూసేది. లోపల వెండిరంగు కనిపిస్తే పక్కన పారేసేది, చేతిని కూడా చీరకొంగుకు తుడుచుకునేది, ఏదో అంటుకున్నట్టు. ఆమె ఉన్నన్నాళ్ళూ నా గింజకు పేరు ఉండేది. ఆమె కూతురి కాన్పుకని రెండు నెలలు పోయింది. ఆ రెండు నెలల్లో కుర్రాళ్ళు వేరుచేసిన సరుకుతో కవర్ ఫిల్మ్ లాగితే సూది గుచ్చినట్టు చిల్లులు. కొన్నవాడు ఫోన్ చేసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నీ షెడ్డులో ఎక్స్‌ట్రూడర్ కంటే విలువైనది అట్లాంటి చేతులు. ఆ చేతులకి గ్లవ్సు, కూర్చోవడానికి పీట, నెలకింతని జీతం ముందు లెక్క వేసుకో.

నీకు ఆమెంత అనుభవం వచ్చేలోగా పనికొచ్చే పరీక్షలు రెండు మూడు చెబుతాను. బకెట్ నీళ్ళు పెట్టుకుని ముక్కలు వెయ్యి. పాలిథిన్, పీపీ తేలుతాయి. పెట్, పీవీసీ మునుగుతాయి. పెళుసుగా విరిగే పాలీస్టైరిన్ కూడా మునుగుతుంది, నీళ్ళలో ఉప్పు బాగా కరిగించావంటే పైకి తేలుతుంది. చిక్కంతా పెట్‌తోనూ పీవీసీతోనూ. రెండింటి బరువూ దాదాపు ఒకటే, రెండూ గాజులాగే కనిపిస్తాయి, నీళ్ళు వాటిని విడదీయలేవు. బాటిల్ అడుగు తిప్పి చూడు. పెట్ అయితే మధ్యలో చుక్క ఉంటుంది. అడ్డంగా అతుకు గీత ఉంటే అనుమానించు. మడిస్తే మడత దగ్గర తెల్లబడితే పీవీసీ కావచ్చు. ఇంకా తేలకపోతే రాగితీగ ఎర్రగా కాల్చి ముక్కకు ఆనించి మళ్ళీ మంటలో పెట్టు. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టే, అది పీవీసీయే. ఇది ఆరుబయట చెయ్యి, ఆ పొగ మంచిది కాదు.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, నా చెయ్యి మొదటిసారి కాలింది అక్కడే. పెట్ లైన్ పెట్టిన రెండో ఏడు, ఒక లోడు బాటిళ్ళు చవగ్గా వచ్చాయని కొన్నాను. చూడ్డానికి తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. కొన్నింటికి ఒంటినిండా తొడిగిన లేబుళ్ళున్నాయి. అవి పీవీసీవని నాకు తట్టలేదు. లేబుల్‌తో సహా గ్రైండ్ చేశాం, కాస్టిక్ సోడా వేసిన వేడినీళ్ళలో కడిగాం, ఎండబెట్టి సంచులకు ఎత్తాం. ఫైబర్ తీసే కంపెనీకి లారీ పోయింది. మూడోరోజు రమ్మన్నారు. ల్యాబులో వాళ్ళు చేసింది చాలా సింపుల్: నా ఫ్లేక్స్ (గ్రైండ్ చేసిన బాటిల్ ముక్కలు) గుప్పెడు ట్రేలో పరిచి రెండు వందల డిగ్రీలు దాటిన ఓవెన్‌లో కాసేపు ఉంచారు. బయటికి తీస్తే తెల్లటి ఫ్లేక్స్ మధ్య నల్ల నువ్వులు చల్లినట్టుంది. ప్రతి నల్ల చుక్కా ఒక పీవీసీ ముక్క. పెట్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి. పీవీసీ అంతకు చాలా ముందే మాడిపోయి ఆసిడ్ ఆవిరి వదులుతుంది, పక్కనున్న పెట్‌ని కూడా విరిచేస్తుంది. మొత్తం లోడు వెనక్కి. రానూపోనూ లారీ బాడుగ నాదే. లేబుల్ ఎంచుకున్న కంపెనీవాడు ఎక్కడో హాయిగా ఉన్నాడు, బాటిల్ తాగినవాడు తాగి పోయాడు, నష్టం మటుకు చివర్లో నిలబడ్డ నాకు వచ్చింది.

అప్పటినుంచి నాకు ఏ వస్తువు చూసినా దాన్ని తయారుచేసినవాడు ముందు గుర్తొస్తాడు. చిత్తూరువాడివి కాబట్టి గుజ్జు ఫ్యాక్టరీ ఉదాహరణ చెబుతాను. జూన్, జూలైలో తోతాపురి మామిడి గుజ్జు తీసి నింపుతారు కదా. బయట ఇనుప డ్రమ్ము, లోపల క్రిములు చేరకుండా మూసే ఎసెప్టిక్ బ్యాగు, అందులో సుమారు 215 కిలోల గుజ్జు. గుజ్జు వాడేసిన తర్వాత డ్రమ్ముకి ఎక్కడైనా గిరాకీ ఉంటుంది. నీళ్ళకో, తారుకో, లేదంటే ఇనుము తూకానికో పోతుంది. లోపలి బ్యాగు? అది పాలిథిన్ పొరలు, మధ్యలో లోహపు పూత వేసిన పాలిస్టర్ పొర. అన్నీ ఒకదానికొకటి అంటించి ఉంటాయి. ఆ పొరల వల్లే గుజ్జు నెలల తరబడి ఫ్రిజ్ లేకుండా చెడకుండా ఉంటుంది, ఆ మేలు నేను కాదనను. కానీ ఆ పొరలు విడదీసే మిషన్ నీ దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. ఒకే సరుకును మోసిన రెండు వస్తువుల్లో ఒకటి తిరిగొస్తుంది, ఇంకొకటి రాదు. ఏది ఎందుకు అట్లా అయిందో అర్థమైతే ఈ వ్యాపారంలో సగం పాఠం అయిపోయినట్టే. చిప్స్ పాకెట్లూ, షాంపూ పాకెట్లూ, పాన్‌మసాలా పాకెట్లూ ఆ బ్యాగుకు చిన్న తమ్ముళ్ళు.

నువ్వడిగిన పెద్ద మాటకి ఇప్పుడు వస్తాను. గ్రైండ్ చేసి గింజ తీస్తే సర్క్యులర్ అయిపోయినట్టేనా? కొంతవరకే. బాటిల్ మళ్ళీ బాటిల్ అయితే అది నిజంగా చుట్టు తిరిగినట్టు. బాటిల్ పాలిస్టర్ దారమై, దిండులో దూదై, రెండేళ్ళకి కుప్పలోకి పోతే అది చివరి మెట్టును కాస్త వెనక్కి జరపడం. పాలకవర్ గింజ నల్లరంగు కలిపి నర్సరీ కవరైతే కూడా అంతే. నల్లరంగు మా లైన్లో అందరి తప్పుల్నీ దాచే దుప్పటి, తెలుసా? ఏం కలిసిందో తెలియనప్పుడు నలుపు కలిపేస్తారు. ప్రపంచం మొత్తం మీద 2015 దాకా పుట్టిన ప్లాస్టిక్ చెత్త 630 కోట్ల టన్నులని 2017లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. అందులో రీసైకిల్ అయింది 9 శాతం. ఆ తొమ్మిదిలో కూడా ఒకసారికి మించి తిరిగింది పదో వంతే. అంటే నూటికి ఒకటి కూడా రెండో చుట్టు తిరగలేదు. మిషన్లు లేకనా? మిషన్లు కావలసినన్ని ఉన్నాయి.

కరిగించిన ప్రతిసారీ ప్లాస్టిక్ గొలుసులు తెగుతాయి. పెట్‌లో ఈ బలాన్ని ఐవీ అని కొలుస్తారు. బాటిల్‌కి 0.76 నుంచి 0.80 దాకా కావాలి. మామూలుగా కరిగిస్తే పడిపోతుంది, అందులో తడి ఉంటే ఇంకా పడిపోతుంది. కరిగించకుండానే వేడి మీద ఉంచి దాన్ని తిరిగి పైకి లేపే ఎస్‌ఎస్‌పీ ప్లాంటు మనబోటివాళ్ళు పెట్టేది కాదు. కానీ అట్లాంటి ప్లాంటుకి శుభ్రమైన బేళ్ళు (నొక్కి కట్టిన కట్టలు), శుభ్రమైన ఫ్లేక్స్ ఇచ్చేవాళ్ళు కావాలి, ఆ అవసరం ఇప్పుడు పెరుగుతోంది. ఎందుకంటే 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఈపీఆర్ (ప్యాకింగ్ చెత్త బాధ్యత దాన్ని తెచ్చిన కంపెనీదే అనే రూలు) మార్గదర్శకాల ప్రకారం గట్టి ప్లాస్టిక్ ప్యాకింగులో 2025-26లో 30 శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ కలపాలి. ఏటా పెంచుకుంటూ 2028-29కి 60 శాతం. కవర్ల రకానికి 10 నుంచి 20, పొరల పాకెట్లకు 5 నుంచి 10. చూశావా, పొరల పాకెట్లకు వాళ్ళే అంత తక్కువ పెట్టారు. అది ఎంత మొండిదో రూలు రాసినవాళ్ళకీ తెలుసు.

రీసైకిల్ చేసినవాళ్ళ దగ్గర ఆ కంపెనీలు కొనే ఈపీఆర్ సర్టిఫికెట్ల మీద ఆదాయం వస్తుందని ఎవరైనా నీకు లెక్కలు వేసి చూపిస్తే దాన్ని పక్కన పెట్టి మిగతా లెక్క చూడు. సరుకు మీద గిట్టుబాటు ఉంటేనే దిగు, సర్టిఫికెట్ మీద వచ్చేది పండగ బోనస్ అనుకో. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లో లక్షల సంఖ్యలో దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి, అప్పటినుంచి పరిశీలన గట్టిగానే ఉంది. కరెంటు బిల్లుకీ నువ్వు చూపించే టన్నులకీ పొత్తు కుదరాలి. రాష్ట్ర మండలి అనుమతులు రెండు విడతలు: కట్టే ముందు ఒకటి, నడిపే ముందు ఒకటి. కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయో చూపించకుండా రెండోది రాదు. ఊళ్ళో షెడ్డు అన్నావు, పక్కన ఎవరి బావి ఉందో ముందే చూసుకో. అనుమతి వచ్చినా ఊరు ఊరుకోదు.

దూరం సంగతి కూడా ఆలోచించు. తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లు. నలపని బాటిళ్ళు వేసుకుని లారీ వస్తే నువ్వు బాడుగ కట్టేది గాలికి. అసలు నీ మొదటి పెట్టుబడి గ్రైండర్ కాదు, తిరుపతిలో చిన్న జాగా, ఒక బేలింగ్ ప్రెస్, తూకం కాటా. కార్పొరేషన్ వాళ్ళ పొడిచెత్త తూకివాకం చెత్త ప్లాంటు వైపు పోతుంది, దాంతో పోటీపడకు. హోటళ్ళూ, స్వీటంగళ్ళూ, పాల బూతులూ దగ్గర చెత్తబండి ఎక్కకముందే నీ సరుకు నీ చేతికి రావాలి. తడిచెత్తలో ఒకసారి దొర్లిన కవర్ ఇక నీది కాదు, సాంబారుదే.

హోటళ్ళవాళ్ళకి రెండు మాటలు నేర్పు చాలు. ఒకటి, పాలకవర్ మూల పూర్తిగా కత్తిరించి పారేయొద్దు, కొసన అతుక్కుని ఉండేలా కోయాలి. ఆ గోరంత ముక్క మళ్ళీ ఏ ఏరేవాడి చేతికీ దొరకదు. రెండు, కవర్ ఖాళీ అవగానే కాసిన్ని నీళ్ళు పోసి తొలిచి, ఆ నీళ్ళు పాలలోనే కలుపుకోమను, ఎట్లాగూ కలుపుతారు. తొలిచిన కవర్ వాసన రాదు, వాసన రాని కవర్‌కి రేటు వేరు. తలకిందులుగా తీగ మీద ఆరేస్తే ఇంకా మంచిది. టీ అంగడాయన ఒకాయన బట్టల క్లిప్పులతో వరసగా ఆరేసేవాడు, చూడ్డానికి తెల్ల జెండాల్లాగ ఉండేవి.

రైతుల దగ్గరికి కూడా పో. డ్రిప్పు పైపులు మంచి సరుకు, ఒకే జాతి, నల్లవి, మళ్ళీ పైపే అవుతాయి. టమాటా మళ్ళల్లో పరిచే మల్చింగ్ షీటు మటుకు తూకానికి కొనొద్దు. బరువులో సగానికి సగం మట్టే ఉంటుంది. ఎండకి చివికి, పీకితే చేతిలో పొడవుతుంది. పలచటిది కొని ఒక పంటకి వాడి గట్టు మీద తగలబెట్టేకంటే, మందం షీటు కొని పంట అవగానే చుట్టి ఇస్తే నేను కొంటానని రైతుకి ముందే మాటివ్వు. అంటే అమ్మేటప్పుడే తిరిగి రావడం మాట్లాడుకోవాలి. అంతా అక్కడే ఉంది.

తిరిగి రావడమంటే గుర్తొచ్చింది. మేము చిన్నప్పుడు గోలీసోడా తాగితే సీసా ఇంటికి తెచ్చుకునేవాళ్ళమా? అంగడి ముందే నిలబడి, గోలీ టక్‌మని లోపలికి పడగొట్టి, తాగి, సీసా ఇచ్చేసి వచ్చేవాళ్ళం. కూల్‌డ్రింకు ఇంటికి కావాలంటే సీసాకి డబ్బు కట్టి, ఖాళీ సీసా ఇచ్చి వెనక్కి తీసుకునేవాళ్ళం. దానికి అప్పుడు పేరు లేదు, ఇప్పుడు డిపాజిట్ రిఫండ్ అంటున్నారు. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ బాటిళ్ళు ఆపి గాజు సీసాలు పెట్టినప్పుడు ఇదే పద్ధతి తెచ్చారు: సీసాకి డిపాజిట్, ఖాళీది ఇస్తే డబ్బు వాపసు, పక్కనే ఊరికే పట్టుకోవడానికి జలప్రసాదం కుళాయిలు. అలిపిరి దగ్గర తనిఖీ ఒక్కటే ఉండి, పైన నీళ్ళకి దారి చూపించకపోతే రోజుకి అన్ని వేలమంది దగ్గర ఆ నిషేధం వారం రోజులు కూడా నిలిచేది కాదు. పక్క తమిళనాడులో నీలగిరి జిల్లాలో 2022 నుంచి మందుసీసాలకి పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా ఇస్తే ఆ పది వెనక్కిస్తున్నారు. అడవిలో సీసాలు విసిరేసేవాళ్ళు హఠాత్తుగా మంచివాళ్ళయిపోలేదు. పది రూపాయల కోసం మందుబాబు కాకపోతే ఇంకొకరు సీసా ఏరి తెస్తారు, అంతే.

మదనపల్లె టమాటా మార్కెట్టు ఎప్పుడైనా తెల్లారుజామున చూశావా? క్రేట్ల కొండలు. అవీ ప్లాస్టికే. కానీ ఎవరి క్రేట్ వాళ్ళకి లెక్క, రంగుతోనో పేరుతోనో గుర్తు, పోతే డబ్బు పట్టుకుంటారు. విరిగేదాకా ఏళ్ళ తరబడి తిరుగుతాయి, విరిగాక ఒకే జాతి కాబట్టి గుజిరీ (పాత సామాన్ల) అంగడివాడు కళ్ళు మూసుకుని కొంటాడు. నన్నడిగితే మన ప్రాంతంలో ప్లాస్టిక్ సర్క్యులర్ ఎకానమీకి అచ్చమైన నమూనా ఆ క్రేట్. ఎవరూ దానికి బోర్డు పెట్టలేదు.

ఇక ప్లాస్టిక్ ప్లేటు, గ్లాసు పోయి పేపర్ గ్లాసు వచ్చింది కదా అని సంబరపడేవాళ్ళున్నారు. గంగమ్మ జాతరలో అంబలి, మజ్జిగ పంచే చోట సాయంత్రం నిలబడి చూడు, మోకాలి లోతు పేపర్ గ్లాసులు. లోపల పాలిథిన్ పూత ఉంటుంది, పూత లేకపోతే అంబలి నిమిషంలో కారిపోతుంది. కాగితం మిల్లువాడు పూత ఉందని కొనడు, నేను కాగితం ఉందని కొనను. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు 2020లో చూస్తే, అట్లాంటి గ్లాసులో 100 మిల్లీలీటర్ల వేడినీళ్ళు పావుగంట ఉంచితే 25 వేల దాకా సన్నటి ప్లాస్టిక్ రేణువులు తేలాయి. కంపోస్టబుల్ కవర్లు కూడా జాగ్రత్త. పీఎల్‌ఏ (మొక్కజొన్న లాంటి పంటల నుంచి చేసే ప్లాస్టిక్) లాంటివి అరవై డిగ్రీల దగ్గర వేడి నిలిచే పెద్ద కంపోస్టు ప్లాంటులో కలిసిపోతాయి, పెరట్లో పారేస్తే చాలా కాలం అట్లాగే పడి ఉంటాయి. పైగా అవి నీ సరుకులో కలిస్తే ఇంకో తలనొప్పి, చూడ్డానికి పెట్‌లాగే ఉంటాయి. అడ్డాకు విస్తరి ముందు ఇవన్నీ దండగ అని నా ఉద్దేశం. గుడ్డసంచి మంచిదే, కానీ కొత్త సంచి ప్రతి పెళ్ళికీ ఒకటి పంచితే లాభం లేదు. వాతావరణం లెక్కలో పాలిథిన్ కవర్‌తో సరితూగాలంటే నూలు సంచిని యాభైసార్లకు పైగా వాడాలని డెన్మార్క్ ప్రభుత్వం 2018లో తేల్చింది. నగరి మరమగ్గాల మీద మిగిలిపోయే గుడ్డతో కుట్టిస్తే ఆ లెక్క కాస్త మారుతుంది, అది వేరే కథ.

అందుకే నా సలహా నువ్వనుకున్నదానికి కాస్త పక్కకి పోతుంది. నీకు తిరుపతి కళ్యాణ మండపాల్లో పరిచయాలున్నాయన్నావు. వాళ్ళ చెత్త తెచ్చుకునే బదులు వాళ్ళకి స్టీలు ప్లేట్లు, గ్లాసులు అద్దెకివ్వడం ఆలోచించావా? సిద్దిపేట వైపు ఊళ్ళలో మహిళా సంఘాలు స్టీల్ బ్యాంకులు నడుపుతున్నాయి. బోకులు (పాత్రలు) లెక్కపెట్టి ఇవ్వడం, కడగడం, లెక్కపెట్టి తీసుకోవడం. ముహూర్తాల నెలల్లో చేతినిండా పని, శూన్యమాసం, ఆషాఢంలో ఖాళీ. ఆ ఖాళీ నెలల్లో పాలకవర్ల బేళ్ళు నిన్ను నడిపిస్తాయి. రెండూ ఒకే బండి, ఒకే మనుషులు, ఒకే హోటళ్ళ రూటు. ప్లేట్లు దించిన బండి కవర్లు ఎత్తుకుని వస్తుంది. రీసైక్లింగ్ మాత్రమే చేసేవాడికి చెత్త పెరిగితేనే బతుకు. ఇట్లా చేస్తే చెత్త తగ్గినా నీ బండి తిరుగుతుంది.

ఎంత వేరుచేసినా అడుగున మిగిలేది ఉంటుంది, పొరల పాకెట్లు, మురికి ముద్దలు. దాన్ని గింజలో కలపొద్దు. మదురైలో వాసుదేవన్ మాస్టారు చూపించిన పద్ధతిలో, వేడి కంకర మీద ప్లాస్టిక్ పొడి పూత పట్టించి తారు కలిపి రోడ్డు వేస్తారు. దానికి పాలిథిన్, పీపీ రకాలు పనికొస్తాయి, పీవీసీ పనికిరాదు. మిగతాది కడప వైపు సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లోకి, బొగ్గుకి బదులు. బట్టీలో వేడి 1400 డిగ్రీల పైమాటే కాబట్టి వీధి చివర తగలబెట్టేదానికంటే వెయ్యి రెట్లు నయం. అయితే అది మండించడమే, మళ్ళీ వాడటం కాదు. వాళ్ళూ క్లోరిన్ చూసి పీవీసీ వద్దంటారు. ఎక్కడికి పోయినా పీవీసీ నాకు పాత బాకీ లాగ ఎదురవుతూనే ఉంది.

గ్రైండర్ సంగతి. అడ్వాన్సు ఇవ్వొద్దు, ఇప్పుడే కాదు. ముందు నీ ఊరికి దగ్గర్లోని గుజిరీ అంగడి ఏదైనా చూసుకుని, కూలి అడక్కుండా పదిహేను రోజులు కాటా దగ్గర కూర్చో. ఏది ఎంత వస్తుంది, ఏది ఏ రేటుకి పోతుంది, దేన్ని ముట్టుకోరు, ఒక నోటుబుక్కులో రాసుకో. తర్వాత నాలుగు హోటళ్ళతో మాట్లాడి ఒక నెల పాలకవర్లు మాత్రమే పోగుచెయ్యి. తడిగా ఎంత తూగింది, ఆరాక ఎంత తూగింది, వేరే రకం ఎంత కలిసింది, మూడు అంకెలు చాలు. అప్పుడు ఆ మిషన్ అమ్మేవాడి దగ్గరికి నీ సరుకు రెండు బస్తాలు పట్టుకుని పో. నీ ఎదుటే నడిపించమను. గింజ ఎట్లా వచ్చిందో చూడు, స్క్రూ దగ్గర చప్పుడు విను, గంటకి ఎంత కరెంటు తాగిందో మీటర్ చూసుకో. తన దగ్గరున్న సరుకుతో నడిపి చూపిస్తానంటే కాఫీ తాగేసి వచ్చేయ్.

నెల అయ్యాక ఆ మూడు అంకెలూ ఇక్కడ రాయి. వాటిని బట్టి మిషన్ సైజు మాట్లాడుకుందాం.